బిగించిన ధర

ఏప్రిల్ పన్నెండు, మధ్యాహ్నం నాలుగున్నర. ఊరి కౌన్సిల్ గదిలో బల్ల మీద ఫోను పెట్టి దాని చుట్టూ ఏడుగురు కూర్చున్నారు. నేను ఎనిమిదోవాణ్ణి. నాకు ఓటు లేదు. ఊరి చమురు ట్యాంకులూ పంపూ చూసుకునే ఉద్యోగం నాది. ఎంత పెట్రోలు మిగిలిందో, ఎంత డీజిలు మిగిలిందో చెప్పడానికి పిలిచారు. చెప్పాను. వెళ్ళిపోవలసినవాణ్ణి, టీ ఇంకా అవలేదని కూర్చుండిపోయాను.

ఫోనులో యాంకరేజి నుంచి చమురు కంపెనీ మనిషి మాట్లాడుతున్నాడు.

"అయిదింటికి నా పుస్తకం మూసేస్తానమ్మా. ఇవాళ్టి ధరకే బిగించుకుంటారా, ఆగస్టులో బార్జి వచ్చిన రోజున ఏది ఉంటే అది కడతారా? ఏదో ఒకటి చెప్పండి."

అమ్మా అన్నది నా భార్య ఫెవ్రోనియాని. అప్పటికి ఆరేళ్ళుగా ఆమే మా ఊరి ప్రెసిడెంటు.

మా కుయ్‌చాక్‌కి రోడ్డు లేదు, నది ఉంది. చమురు మోసే పెద్ద పడవ, ఆ బార్జి, ఏడాదికి ఒక్కసారి వచ్చి ట్యాంకులు నింపి పోతుంది. దానికి మేం ఏ ధర కడితే, మళ్ళీ బార్జి వచ్చేదాకా పంపు దగ్గర అదే ధర. ఈలోగా బయట పెరిగినా తగ్గినా మాకు సంబంధం లేదు.

ఫెవ్రోనియా బల్ల చుట్టూ చూసింది. రేపు జరగబోయేది ఖాయంగా చెప్పడం మా పెద్దవాళ్ళ లెక్కలో నోటి దురుసు. వేటకి పోయేవాడు దుప్పిని కొట్టుకొస్తానని చెప్పడు, పడవెక్కుతున్నానని చెబుతాడు. ఆగస్టులో ధర పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగితే ఆ ఏడుగురిలో ఎవరు నోరు విప్పుతారు? ఒకాయన చేతి గోళ్ళు చూసుకున్నాడు. ఒకామె కప్పులోకి చూసింది. ఇలారియన్ అనే సభ్యుడు కిటికీలోంచి నది మీది మంచుని చూశాడు.

చివరికి ఫెవ్రోనియా నా వైపు చూసింది.

ఎక్కడో యుద్ధం మొదలై రెండు నెలలు కావస్తోంది. రేడియోలో రోజూ ధర పెరుగుతోంది. నేను కనుబొమలెత్తాను. మా దగ్గర అవునంటే కనుబొమలెత్తుతాం, కాదంటే ముక్కు ముడుస్తాం. మాటదాకా పోనివ్వం.

ఆమె ఫోను మీదికి వంగింది. "బిగించెయ్యండి" అంది.

మూలన కూర్చున్న గుమాస్తా చిట్టాలో ఇలా రాసుకుంది: చర్చ జరిగింది, అభ్యంతరాలు లేవు, ధర ఖాయం చేయడమైనది.

*

బార్జి ఆగస్టు పందొమ్మిదిన వచ్చింది. గొట్టం అందిస్తూ దాని మీది పనివాడు నాతో అన్నాడు: "నిన్న అకులిక్‌లో దించాం. వాళ్ళు బిగించుకోలేదు. జూలైలో ధర పడిపోయిందిగా, పండగ చేసుకుంటున్నారు."

అకులిక్ మాకు ఎగువన పక్క ఊరు. అక్కడ పంపు ధర ఎంతో అతను చెప్పాడు. గాలను ఆరు డాలర్ల తొంభై అయిదు సెంట్లు. మాకు తొమ్మిది నలభై పడుతుంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమూ లేకపోయింది. అకులిక్‌లో ప్రతివాడికీ మా ఊళ్ళో చుట్టమున్నాడు, ప్రతి చుట్టానికీ ఫోనుంది. ట్యాంకులు నిండేలోపే ఊరంతా పాకింది.

మర్నాడు పొద్దున బోర్డు మీద ధర రాశాను. కింద ఇంకో వరసలో, ఊరి పన్ను గాలనుకి ముప్పై సెంట్లు అని రాశాను. ఆ పన్ను ఫెవ్రోనియా మొదటి ఏడు పెట్టింది. ఊరందరూ నీళ్ళు పట్టుకుని బట్టలుతుక్కునే నీళ్ళ ఇల్లు దాంతోనే నడుస్తుంది. నా జీతమూ అందులోంచే.

మొదట వచ్చినవాడు జఖార్, ఫెవ్రోనియా అన్న. నేనూ అతనూ పద్దెనిమిదేళ్ళుగా ఒకే పడవలో వేటకి పోతున్నాం. క్యాను కింద పెట్టి బోర్డు వైపు కళ్ళు చికిలించాడు.

"బావా, నా కళ్ళు పోయినట్టున్నాయి. నాకు తొమ్మిది కనిపిస్తోంది."

"తొమ్మిదే."

"బోర్డు తలకిందులుగా పెట్టావేమో చూసుకో. అకులిక్‌లో ఆరుట."

వెనక నిలబడ్డ నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మాలో బావ వెక్కిరిస్తే మొహం మాడ్చుకోకూడదు. ఎవరన్నా తప్పు చేస్తే ఊరు ఆ సంగతి బావల నోటితోనే చెప్పిస్తుంది. నవ్వుతూ విని, ఇంటికి పోయి దిద్దుకోవాలి.

"అయిదు గాలన్లు పొయ్యి" అన్నాడు జఖార్. "మా చెల్లెలితో చెప్పు, ఈసారి దుప్పి దొరికితే మాంసం కూడా ఏప్రిల్ ధరకే ఇస్తానని."

మళ్ళీ నవ్వారు. అతని వెనక ఇలారియన్ ఉన్నాడు. అతను నవ్వలేదు.

"ఆ రోజు మేమెవరం ఏమీ అనలేదు ఆకిమ్" అన్నాడు. "నువ్వూ ఉన్నావుగా గదిలో. ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదు. ఎవరూ ఏమీ అనలేదు" అన్నాను.

"ఆ మాట గుర్తుంచుకో."

సాయంత్రం ఇంట్లో ఫెవ్రోనియా చేపలు కోస్తోంది. కత్తి ఆపకుండా అడిగింది.

"ఏమంటున్నారు?"

"ఏముంది, నవ్వుతున్నారు."

"నువ్వేం చేశావు?"

"నేనూ నవ్వాను."

ఆమె ఇంకో చేప అందుకుంది. మూలన మంచం మీద కూర్చున్న మా అత్త ఉలిత గొంతు సవరించుకుంది. "మా చిన్నప్పుడు చేపల కోసం తగువు పడితే చేపలు నదిలోంచి పోతాయనేవాళ్ళు" అంది. "ఇప్పుడు పెట్రోలు కోసం పడుతున్నారు. పోతే పోనీ దరిద్రం."

ఎవరం నవ్వలేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఊరు తన పని తాను చేసింది. నీళ్ళ ఇంట్లో ఫెవ్రోనియా బట్టలుతకడానికి పోతే, అక్కడున్న ఆడవాళ్ళు సగం ఉతికిన బట్టలు పిండుకుని లేచి వెళ్ళిపోయారు. మా తలుపు మీద ఎవరో బొగ్గుతో 9.70 అని రాశారు. పన్ను కూడా కలిపి రాశారు. పేతర్ అనేవాడు పీపా వేసుకుని అకులిక్ పోయి పెట్రోలు తెచ్చుకున్నాడు. పోను రాను పడవ తాగింది తీసేస్తే అతనికి మిగిలింది ముప్పై అయిదు డాలర్లు. దారిలో ఇసుక మేట తగిలి ప్రొపెల్లర్ విరిగింది. కొత్తది మూడు వందలు. ఆ మూడు వందలకీ కారణం ప్రెసిడెంటమ్మేనని ఊరంతా చెప్పుకొచ్చాడు. కాదని ఒక్కరూ అనలేదు.

ప్రతి రోజూ పంపు దగ్గర నేను ఆ మాటలన్నీ వింటూ పెట్రోలు పోశాను. గదిలో ఒక్కరు అవునన్నారనీ, ఆ ఒక్కడూ నేనేననీ చెప్పడానికి నాకు రోజుకి ఇరవై అవకాశాలు వచ్చాయి. రేపు చెబుదామనుకున్నాను.

*

సెప్టెంబరు ఒకటిన దుప్పి వేట మొదలవుతుంది. తెల్లారకముందే తుపాకీ, డేరా, నా వంతు పదిహేను గాలన్ల పెట్రోలు బండి మీద వేసుకుని ఒడ్డుకి పోయాను. జఖార్ పడవలో అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. అది అయిదుగురు పట్టే పడవ.

"బావా, ఈసారి చోటు లేదు" అన్నాడు జఖార్.

"నా పెట్రోలు తెచ్చాను."

"తొమ్మిది డాలర్ల పెట్రోలు పోస్తే నా మోటారుకి పొగరెక్కుతుంది. తర్వాత మామూలుది తాగదు."

పడవలో ఇద్దరూ నవ్వారు. జఖార్ నవ్వలేదు. ఒడ్డున దిగి నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆకిమ్, ఒకటడుగుతాను."

పద్దెనిమిదేళ్ళలో అతను నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"ఆ రోజు గదిలో మా చెల్లెలు ఒక్కతే అనుకుని బిగించమందా? అది అలా చేసే మనిషి కాదు. ఎవరో ఒకరు అవునని ఉండాలి."

"కౌన్సిల్ సంగతి నన్నడుగుతావేం?" అన్నాను. "నాకు ఓటే లేదు."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత పడవని నీళ్ళలోకి తోసి ఎక్కాడు. నేను పదిహేను గాలన్లూ మళ్ళీ బండి మీదికెత్తాను.

తొమ్మిదో రోజున వాళ్ళు రెండు దుప్పుల్ని తెచ్చారు. వేట మాంసం మొదట ముసలివాళ్ళకి పోతుంది, తర్వాత అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి. జఖార్ కూతురు ఒక పొట్లం తెచ్చి, "నానమ్మకి" అని ఉలిత చేతిలో పెట్టి పోయింది. విప్పితే ఒక మనిషికి ఒక పూటకి సరిపడేంత ఉంది.

ఉలిత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా కొడుకు నా పళ్ళు లెక్కపెట్టి పంపాడే. నాలుగు పళ్ళకి నాలుగు ముక్కలు."

ఫెవ్రోనియా దాన్ని ఉడికించి తల్లికి పెట్టింది. ఉలిత మూడు గిన్నెలు తెమ్మంది. ఫెవ్రోనియా తేలేదు. మేమిద్దరం ఎండుచేప తిన్నాం.

గిన్నెలు కడుగుతూ నాతో అంది: "శుక్రవారం సభ పెట్టారు. నన్ను దించడానికి."

"విన్నాను."

"నువ్వు రాకు."

"ఎందుకు?"

"వస్తే ఏం చేస్తావో నాకు తెలీదు. ఇదివరకు తెలిసేది."

*

పదహారో తారీకు శుక్రవారం. ఊళ్ళో మూడు వందల నలభై మందిమి. ఓటున్నవాళ్ళలో నూట నలభై మంది సభకి వచ్చారు. చర్చి పండక్కి కూడా అంతమంది రారు. కుర్చీలు చాలక గోడలకి ఆనుకుని నిలబడ్డారు. జఖార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను చివరి వరసలో ఉలిత పక్కన కూర్చున్నాను. సభ నడిపింది ఇలారియన్.

కిరిల్ ఊరందరిలో పెద్దవాడు. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఫెవ్రోనియాని అడిగాడు.

"అవునన్నది ఎవరమ్మా?"

"కాదన్నవాళ్ళు ఎవరూ లేరు, పెద్దాయనా."

"కాదనకపోతే అవునన్నట్టా?"

"ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా అంతే కదా. చర్చి కప్పు అలాగే వేశాం. బడిలో మీ మనవడికి ఉద్యోగం అలాగే ఇచ్చాం. అప్పుడు ఎవరన్నా అవునన్నారా? ఆ రోజు మీరు అడగలేదు."

కిరిల్ కర్ర పక్కకి మార్చుకున్నాడు. వెనకనుంచి ఒకామె లేచింది. "కప్పుల సంగతి మాకెందుకు? ఆ ముప్పై సెంట్ల పన్ను ఎవరి జేబులోకి పోతోందో చెప్పమనండి. మొగుడికి జీతం ఇవ్వడానికి మా పడవల మీద పన్నా?"

"నీళ్ళ ఇంట్లో నువ్వు వారానికి మూడుసార్లు ఉతుక్కునే బట్టలకి కూడా అదే పన్ను" అంది ఫెవ్రోనియా.

"చూశారా నోరు!"

అప్పుడు పేతర్ లేచాడు. "ప్రభుత్వం డబ్బులు వేస్తోందిగా ఈ నెల. ఈసారి ఇంధన సాయం కూడా కలిపి మనిషికి మూడు వేల పైన వస్తుందంటున్నారు. వాళ్ళింట్లో ముగ్గురివీ ఊరికి రాసిమ్మనండి. ధరలో మనకి పోయింది కొంతైనా పూడుతుంది."

చప్పట్లు కొట్టారు. మా రాష్ట్రం భూమిలోంచి తీసిన చమురు మీద వచ్చే లాభంలో ప్రతి మనిషికీ ఏటా కొంత వాటా వేస్తుంది. చమురు ధర పెరిగిన ఏడు ఆ వాటా పెరుగుతుంది. ఏ ధర మా నెత్తిన పడిందో ఆ ధరే ఆ ఏడు మాకు డబ్బులు పంపింది. సభలో ఆ మాట ఎవరూ అనలేదు.

ఉలిత నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. "నాది తీసుకోండి" అంది. "ఆ డబ్బుతో నాకు పళ్ళు కట్టిస్తానంది మా అమ్మాయి. ఆ పళ్ళే ఉంటే ఈపాటికి మిమ్మల్ని కరిచి ఉండేదాన్ని."

కొందరు నవ్వారు. ఇలారియన్ బల్ల మీద తట్టాడు. "ఓటుకి పోదాం. ఇంకెవరన్నా మాట్లాడేది ఉందా?"

నేను లేచాను.

"ఆ రోజు ఆమె నా వైపు చూసింది" అన్నాను. "నేను కనుబొమలెత్తాను. బిగించమన్నది నేను."

ఎవరో తుమ్మారు. తర్వాత ముందు వరసలో ఒకడు నవ్వాడు. నవ్వు వెనక్కి పాకింది.

"మొగుడంటే ఇలా ఉండాలర్రా!"

"ఏప్రిల్లో ఎత్తిన కనుబొమలు సెప్టెంబర్లో దించావా?"

"కూర్చో నాయనా, ఇంటికెళ్ళాక పట్టుకుందువుగాని ఆమె కాళ్ళు!"

ఇలారియన్ నవ్వలేదు. చేత్తో అందర్నీ ఆపాడు. "ఆకిమ్, ఆగస్టులో పంపు దగ్గర నేను అడిగితే ఎవరూ ఏమీ అనలేదన్నావు."

"అన్నాను."

"అప్పుడు ఆడింది అబద్ధమా, ఇప్పుడు ఆడేది అబద్ధమా?"

నేను నోరు తెరిచేలోపే ఫెవ్రోనియా మాట్లాడింది. నా వైపు చూడలేదు.

"అతన్ని కూర్చోమనండి. ట్యాంకుల లెక్క చెప్పడానికి వచ్చాడు, చెప్పాడు, టీ తాగాడు. ఏ సైగా చెయ్యలేదు. బిగించమన్నది నేను. ఓటు పెట్టండి."

చేతులు లెక్కపెట్టారు. దించాలని తొంభై ఆరు, వద్దని ముప్పై ఒకటి. మిగిలినవాళ్ళు ఎటూ ఎత్తలేదు. జఖార్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అతను ఓట్ల వైపు చూడటం లేదు, తలుపు దగ్గరనుంచి నన్నే చూస్తున్నాడు. కొత్త ప్రెసిడెంటుగా ఇలారియన్ పేరు చదివారు. మా డబ్బుల సంగతి మాత్రం ఓటుకి పెట్టలేదు. చట్టం ఒప్పుకోదని గుమాస్తా చెప్పింది.

ఇంటికి నడుస్తున్నప్పుడు ఉలిత మాకు ముందు నడిచింది. కావాలనే నడిచింది.

"వాళ్ళు నన్ను నమ్మేవాళ్ళే" అన్నాను. "నువ్వు కాదనకపోతే."

"నమ్మితే ఏమయ్యేది? ఓటు లేనివాడు చెబితే నేను సంతకం పెట్టినట్టయ్యేది. రేపట్నుంచి పంపు దగ్గర నీ బదులు ఇంకొకడు ఉండేవాడు. ఇంట్లో ఇద్దరి సంపాదనా ఒక్కరోజే పోయేది."

"అందుకా కాదన్నావు?"

"అందుకూ."

కొంచెం దూరం నడిచాక ఆగింది.

"ఆగస్టులో చెప్పుంటే ఇద్దరం కలిసి తిట్లు తినేవాళ్ళం. తినేసి నిద్రపోయేవాళ్ళం. ఇవాళ చెప్పి నా చేత అబద్ధం ఆడించావు. ఆరేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను ఆకిమ్. ఊరి ముందు నేను ఆడిన అబద్ధం అదొక్కటే."

*

నాలుగు రోజుల తర్వాత, మంగళవారం, ప్రభుత్వం డబ్బులు పడ్డాయి.

పొద్దున్న ఏడింటికి పంపు తెరిచేసరికి వరస నది ఒడ్డుదాకా ఉంది. ఒక్కడు కూడా బోర్డు వైపు చూడలేదు. "నిండా పొయ్యి" అన్నారు. "రెండో క్యాను కూడా పొయ్యి" అన్నారు. పేతర్ తన పీపా దొర్లించుకుని వచ్చాడు. అకులిక్ పోవాలనుకోలేదా అని అడిగితే, "ఎవడు పోతాడు అంత దూరం" అన్నాడు. కిరిల్ తన మనవడి కోసం ఇరవై గాలన్లు పోయించుకుని నా వీపు తట్టాడు. చీకటి పడేలోగా ఎనిమిది వందల గాలన్లు పోశాను. ఆ పంపు మీద ఒక్క రోజులో అంత ఎప్పుడూ పోయలేదు.

సభ నాలుగు రోజులు ఆగి పెట్టి ఉంటే ఇరవై మంది కూడా వచ్చేవాళ్ళు కాదు.

వరస తగ్గాక ఇలారియన్ వచ్చాడు. బోర్డు మీద కింది వరస చూపించి, "అదలాగే ఉంచు" అన్నాడు.

"పన్నా? తీసేస్తారనుకున్నాను."

"తీసేస్తామని ఎవరన్నారు? నీళ్ళ ఇల్లు ఎలా నడుస్తుంది?"

ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో జఖార్ బండి ఉంది, వెనక తొట్టి తగిలించి ఉంది. తొట్టిలో ఉలిత మంచం, ఆమె దుప్పట్లు, ఫెవ్రోనియా కుట్టుమిషను ఉన్నాయి. జఖార్ తాడు కడుతున్నాడు. నన్ను చూసి ముడి పూర్తి చేసి అప్పుడు మాట్లాడాడు.

"సభలో నూట నలభై మందిమి ఉన్నాం. నిన్ను నమ్మింది నేనొక్కణ్ణే."

అతను తాడు చివర లాగి చూశాడు.

"పద్దెనిమిదేళ్ళు నీతో ఒకే పడవలో కూర్చున్నాను. కాలవ అటువైపేనా అంటే కనుబొమలెత్తుతావు. తీరా పోతే బురద. అదేంటయ్యా అంటే నేనేమీ అనలేదే అంటావు. అప్పుడు నవ్వుకునేవాణ్ణి, బావవి కాబట్టి. ఒడ్డు దగ్గర ఆ రోజు అడిగాను. అప్పుడు చెప్పినా సరిపోయేది."

"జఖార్..."

"ఎవరికీ చెప్పన్లే. నీ ఉద్యోగం నీకుంటుంది. అది మా చెల్లెలు కొనిచ్చింది."

ఫెవ్రోనియా ఒక సంచీతో బయటికి వచ్చింది. ఉండమన్నాను. ఆమె సంచీ తొట్టిలో పెట్టి నా వైపు తిరిగింది.

"మన పెళ్ళయినప్పట్నుంచి నేను నిన్ను అడిగినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటున్నాను" అంది. "వేటికి నువ్వు నోరు తెరిచి చెప్పావో, వేటికి చెప్పలేదో. నాలుగు రోజులుగా అదే పని. ఇంకా అవలేదు."

జఖార్ ఇల్లు మా ఇంటికి రెండు వందల అడుగుల దూరం. వంటింటి కిటికీలోంచి వాళ్ళ పొగగొట్టం కనిపిస్తుంది.

*

అక్టోబరు రెండో వారంలో ఫెవ్రోనియా క్యాను పట్టుకుని పంపు దగ్గరికి వచ్చింది. వరసలో నిలబడింది. ఆమె వెనక ఇలారియన్, అతని వెనక ఇంకో ముగ్గురు. ఆమె వంతు వచ్చింది.

"అయిదు గాలన్లు."

పోశాను. ఆమె యాభై డాలర్ల నోటు ఇచ్చింది.

ఇలారియన్ గట్టిగా అన్నాడు: "ఏమ్మా పాత ప్రెసిడెంటమ్మా, మీ ఆయన నీకైనా తగ్గించి పొయ్యడా? లేకపోతే నీకు కూడా ఏప్రిల్ ధరేనా?"

అతను నాకు వరసకి బావ అవుతాడు. నవ్వాలి. వెనక ముగ్గురూ నవ్వుతూ నా వంతు కోసం చూశారు. ఫెవ్రోనియా చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడింది.

"అది నేను చెప్పిన ధర" అన్నాను. "ఏప్రిల్లో ఆమె నన్నడిగింది, నేను అవునన్నాను. ఆగస్టులో నీతో అబద్ధం చెప్పాను. సభలో చెప్పింది నిజం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇలారియన్ క్యాను కింద పెట్టాడు.

"ఇది పంపు దగ్గర కబురా, కౌన్సిల్ ప్రెసిడెంటుకి చెబుతున్నావా?"

"ప్రెసిడెంటుకే."

"అయితే రేపు పొద్దున తాళాలు తెచ్చివ్వు."

ఫెవ్రోనియాకి డాలరున్నర చిల్లర ఇచ్చాను. లెక్క చూసుకుని, క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు.

తాళాలు ఇచ్చేశాను. పంపు పని పేతర్‌కి ఇచ్చారు. అతను మొదటి రోజే బోర్డు మీద పన్ను వరస చెరిపి, రెండూ కలిపి తొమ్మిది డెబ్భై అని ఒకే అంకె రాశాడు. నేను మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత వలలు బాగుచేసే పని పట్టుకున్నాను. మంచు కట్టడం మొదలయ్యాక నదిలో మంచు కింద వలలు దించుకున్నాను.

నవంబరు మొదటి ఆదివారం పెట్రోలు కోసం వరసలో నిలబడ్డాను. నా ముందు ఫెవ్రోనియా ఉంది. ఆమె అక్కడ ఉందని తెలిసే వచ్చానో, తెలియక వచ్చానో నాకే తెలియదు. పేతర్ ఎవరితోనో ప్రొపెల్లర్ గురించి మాట్లాడుతున్నాడు. వరస కదల్లేదు. ఆమె నా వైపు వీపు పెట్టే నిలబడి, తల తిప్పకుండా అడిగింది.

"రేపు అన్నయ్య మంచుబండి మీద అమ్మని అకులిక్ తీసుకెళ్తానంటున్నాడు. మలుపు దగ్గర మంచు ఆగుతుందా?"

పొద్దున ఆ మలుపు దగ్గరే గొడ్డలితో కన్నం కొట్టి వల దించాను.

"నాలుగు అంగుళాలుంది" అన్నాను. "మనిషికి ఆగుతుంది. బండికి ఆగదు. వారం ఆగమను."

ఆమె తన వంతు రాగానే క్యాను ముందుకి జరిపింది.

మర్నాడు పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూశాను. జఖార్ మంచుబండి గుడ్డ కప్పి గోడ పక్కనే ఉంది. సాయంత్రం చూసినా అక్కడే ఉంది.